ఫీజు పెరికిన చెయ్యి

తూకం చీటీ రాక
నూట పన్నెండు ట్రాక్టర్లు
గుడిపాల రోడ్డు మీద ఆగిపోయినాయి.
తొడిమల దగ్గర సొన కారుతూ
తోతాపురి లోడ్లు. చిత్తూరంతా పులిసిన వాసన.

గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేదాన్ని నేను.
జూన్ నెలలో కూడా శాలువా కప్పుకునే గది.
అరలో రెండు సర్వర్లు,
వాటి కింద ఇద్దరికీ కలిపి ఒకటే స్టోరేజి.
ఒకటి పడితే రెండోది అందుకోవాలని
నేనే లాగిన లైను, నేనే ఇచ్చిన వాటా.

వర్చువల్ మిషన్లంటే ఏందని
మా అమ్మ అడిగింది ఒకసారి.
బాడుగ కాపురాలమ్మా, అన్నాను,
ఈ వాకిట్లో కాకుంటే ఆ వాకిట్లో,
సామాను మాత్రం అందరిదీ ఒకే అటక మీద.
"అట్లయితే నిచ్చెన ఎవురి దగ్గిర?" అనింది.
నవ్వినా.
నవ్వి ఉండకూడదు.

సాయంత్రం ఏడున్నరకి
రెండు సర్వర్ల మధ్య తీగ ఒకటి వదులైంది.
ఎలక కొరికింది కూడా కాదు, ఉత్త వదులు.
క్షణానికొకసారి
ఉండావా, ఉండా, అనుకునే మాట ఆగిపోయింది.
మొదటిది అనుకుంది, రెండోది పోయిందని.
రెండోది అనుకుంది, మొదటిది పోయిందని.
రెండూ బతికే ఉన్నాయి.
రెండూ తూకం పుస్తకం తెరిచి
ఒకే పేజీలో, ఒకే వరసలో రాసుకుంటా పోయినాయి.
పెనుమూరు మునిరత్నం నాలుగు టన్నుల మీద
పాలసముద్రం గోవిందమ్మ మూడు టన్నుల ఏడొందలు.
ఒకరి కాయల మీద ఇంకొకరి పేరు.
కాసేపటికి పేరూ లేదు, కాయలూ లేవు,
ఎవరూ చదవలేని గీతలు.

తాళం వేసే పద్ధతి ఉంది.
మార్చిలో, రేపు చూద్దాంలే అని నేనే వదిలేసినా.
ఈ మాట మేనేజరుకి చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నా.

గేటు బయట, ట్రాక్టరు కింద
గోనెసంచి పరుచుకొని చెంగల్రాయప్ప.
"ఏం పాపా, మిషనుకి రోగమా?"
నాకు తెలిసిన మాటల్లో చెప్పినా.
ఆయన బీడీ నేలకి నలిపి

"మాదీ వాటా బావే.
నేనూ మా తమ్ముడూ. బావి ఒకటి, కాలవ ఒకటి, మోటర్లు రెండు.
రెండూ ఒకేసారి పోసినాయంటే గట్టు తెగి
నీళ్ళు నా కయ్యకీ రావు, వాని కయ్యకీ పోవు, వంకలో కలుస్తాయి.
రాత్రి రెండింటికి కరెంటొస్తే
ఈ గట్టు మీంచి ఒక కేక, ఆ గట్టు మీంచి ఒక కేక.
ఒకనాడు కేక రాలా.
సచ్చినాడో, నిద్రపోయినాడో, చీకట్లో ఏం తెలుస్తాది?"

మరేం చేస్తివి?

"వాని మోటరు ఫీజు పెరికి జోబీలో ఏసుకొని
అప్పుడు నాది ఆన్ చేస్తి.
తెల్లారి వచ్చి తిట్టినాడు.
తిట్టనీ.
తిట్టినాడంటే బతికుండాడనే గదా."

గదికి వచ్చి రెండో సర్వరు ముందు నిలబడినా.
పచ్చ దీపం. ఏ తప్పూ చేయని దాని మాదిరి.
దూరం నుంచే ఆపే కమాండు ఉంది.
నేను వెనక్కి పోయి, వంగి,
తీగనే పెరికినా.
ఫ్యాను తిరగడం ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఏడూ ఇరవై దాకా ఉన్న లెక్క దొరికింది.
ఆ తర్వాతవి నలభై ఒక్క చీటీలు
కాంటా దామోదరం గుర్తు తెచ్చుకుంటా ఉంటే
రైతులే వరసగా నిలబడి చెప్పినారు.
గోవిందమ్మ ఒక పది కిలోలు ఎక్కువే చెప్పిందనుకుంటా.
రాసేసినా.

నాలుగింటికి, నిచ్చెనకి తాళం వేసినాక,
రెండోదానికి మళ్ళీ కరెంటు ఇచ్చినా.
లేచింది.
పుస్తకం ముట్టలేదు. ముందు
ఉండావా, అని అడిగింది పక్కదాన్ని.
నన్ను ఏమీ అనలేదు.
అదే కొంచెం కష్టంగా ఉండింది.