మూర దూరం

శుక్రవారం పొద్దున సోహార్ అంతా మూసుకుని ఉంటుంది.
ల్యాబ్‌లో నేనూ, సర్వర్ రొదా.
తెర మీద నెత్తురు ఎర్రగా ఉండదు,
నీలం గళ్ల వల, నాలుగు లక్షల ముక్కోణాలు,
ఒక్కో దానిలో ఒత్తిడికో అంకె, వేగానికో అంకె.

నడిమధ్యన ధార పరుగు.
గోడను తాకే చోట సున్న.
అది ఎవరూ రుజువు చెయ్యరు,
గోడకానుకున్నది కదలదని
ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి.
అప్పుడే లెక్క మొదలవుతుంది.

ఈ ధారలోకి ఇనుప రజను వదులుతాను,
వెంట్రుక మందంలో వెయ్యో వంతు,
ఒంటినిండా మందు పూసుకుని.
చర్మానికి ఇవతల అయస్కాంతం నిలబెట్టి
ఇటు రా, కాలేయంలో ఈ గడ్డ దగ్గర దిగు, అంటాను.
వందలో తొంభై మూడు వినవు.
ధార ఈడ్చుకుపోతుంది,
మిగిలినవాటిని ప్లీహం ఏరుకు తింటుంది.

రేణువును లావు చేస్తే లాగుడు పెరుగుతుంది, ఎంతో పెరుగుతుంది,
సన్నటి నాళం మూతిలో అడ్డం పడి కూర్చుంటుంది.
సన్నం చేస్తే అణువుల తోపులాటలో
తాగినవాడిలా ఎటు పడితే అటు.
మూడేళ్లుగా ఈ రెంటి మధ్యే తిరుగుతున్నాను.

లింబాద్రి పరిచయం మలయాళీ హోటల్లో, పరోటాల దగ్గర.
జగిత్యాల అవతల ఊరు. తుక్కు యార్డులో క్రేన్ నడుపుతాడు.
"నీది గూడ మ్యాగ్నెట్ పనేనటగదక్కా" అన్నాడు,
తన కులపోళ్లు దొరికినంత సంబరంగా.

యార్డుకు తీసుకెళ్లాడు.
బండి చక్రమంత నల్ల పళ్లెం గొలుసులకు వేలాడుతోంది.
కింద గేర్లు, గొట్టాలు, సముద్రం కొరికిన లంగరు ముక్క,
ఎవరిదో సైకిల్ పెడలు.
కరెంటు ఇచ్చాడు. ఏదీ కదల్లేదు.
దించాడు. కదల్లేదు.
ఇంకా దించాడు.
ఒక్కసారిగా, తిట్టు తిన్న పిల్లల్లా,
ఇనుమంతా లేచి నిలబడింది.
"మూర దాటితే దీనికి కండ్లు గానరావక్కా."

ఆ మాటకి నాకు రెండు పేజీలు పట్టింది:
దూరం రెట్టింపయితే బలం సగమవదు,
పదహారో వంతవుతుంది.

కరెంటు తీశాడు. కుప్ప కుప్పంతా దభేలున రాలింది.
నాలుగైదు మేకులు మాత్రం పళ్లేన్ని వదల్లేదు.
"ఇవి మరువయి" అని గొలుసు ఊపాడు.
మరవనివి నా దగ్గర పనికిరావు.
అయస్కాంతం తీశాక కూడా గుర్తుంచుకునే రేణువులు
ఒకదాన్నొకటి కావిలించుకుని గడ్డకడతాయి.
నేను వాటిలో మొదట వెతికేది మరుపే.
అతనికి ఈ మాట చెప్పలేదు.

టీ తాగుతూ ఫోన్ తీశాడు.
స్కాన్. తనది కాదట, గది పంచుకునే పోశన్నది.
వీసా అయిపోవడానికి మూడు నెలలుంది,
కండ్లు పచ్చబడ్డయి, కంపెనీ ఇంటికి పొమ్మంటోంది.
కాలేయం కుడి వైపు, నాలుగు సెంటీమీటర్ల నీడ.
"పైనించి ఎంత లోతుందక్కా?"
కొలిచి చెప్పాను. ఏడు.
బెత్తెడు చూపించి, నవ్వు ఆపుకోలేక అన్నాడు:
"గింతేనా? మూరకన్న తక్కువే గదా!"

అతని మూర ఆ పళ్లెం పరిమాణం నుంచి పుట్టిందనీ,
నా పళ్లెం అరచేతిలో పట్టేదేననీ,
నా మందు ఇంకా గాజు గొట్టం దాటలేదనీ,
ఎలుక దాకా కూడా పోలేదనీ
ఏ మాటలతో మొదలుపెట్టాలో తెలీక
టీ చల్లారేదాకా కప్పు అడుగు చూశాను.
అతనికి అర్థమైనట్టుంది.
ఫోన్ జేబులో పెట్టుకుని
"పరోటా పైసలు నేనిస్త" అన్నాడు.

రాత్రి ల్యాబ్‌కి తిరిగొచ్చాను.
లోతు దగ్గర మూడు తీసి ఏడు కొట్టాను.
ఇన్నాళ్లూ మూడే ఎందుకు పెట్టానో,
మూడయితే బొమ్మ అందంగా వచ్చేది.
ఏడుకి వందలో ఒకటి కూడా దిగలేదు.
గడ్డ చుట్టూ వల ఇంకా సన్నగా అల్లి
మళ్లీ నడిపించాను.
పదకొండు గంటలు పడుతుందంది మెషీను.

చెప్పులు విప్పితే అడుగున ఎర్రటి తుప్పు.
బల్ల మీది అయస్కాంతం తీసి
మెల్లగా దానికేసి దించడం మొదలుపెట్టాను.
జానెడు.
బెత్తెడు.