బయటి నరం, లోపలి నరం

థెస్సలొనీకి మెడికల్ కాలేజీ, సెల్లార్,
నాలుగో బల్ల.
నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళుగా
ఇక్కడ తొట్లు నింపేవాణ్ణి, కత్తులు కడిగేవాణ్ణి,
పిల్లలెవరైనా కళ్ళు తిరిగి పడబోతే కుర్చీ తెచ్చేవాణ్ణి.
అయినా కొన్ని సంగతులు చేతికి అంటుకుంటాయి
ఫార్మలిన్ వాసనలాగా.

ఈ ఉదయం ఎవాంథియా మేడమ్
పెద్ద ఛాతీ కండని పుస్తకం అట్టలా వెనక్కి తిప్పింది.
అడుగున రెండు నరాలు,
దారప్పోగులంత. కొంచెం పసుపు.
ఉడికిన సేమ్యా అన్నాడొకడు. ఎవరూ నవ్వలేదు.

"బయటి నరం ఏది?"
స్ట్రాటిస్ బయటివైపున్న దాన్ని చూపించాడు.
అందరూ అదే చూపిస్తారు, ఏటేటా.
తప్పు.
రొమ్ము మధ్యకి దగ్గరగా ఉన్నదే బయటి నరం.
చంకవైపు ఒదిగి,
చిన్న కండని పొడుచుకుని వచ్చేదే లోపలి నరం.

"అదేం పేరు మేడమ్?"
"పుట్టిన తాడు పేరు.
చంకలో ధమనికి అటొక తాడు, ఇటొక తాడు.
దేన్నుంచి చీలితే దాని పేరే.
తర్వాత ఎక్కడ కాపురం పెట్టిందో ఎవరడుగుతారు?"

మాప్ పిండుతున్నవాణ్ణి ఆగిపోయాను.
మా నాయనమ్మ ఆరేళ్ళప్పుడు పడవ దిగింది.
డెబ్బై ఎనిమిదేళ్ళు కలమారియాలో
అదే వీధి, అదే కుళాయి.
చివరికి పెట్టె మోసినవాళ్ళు కూడా
"స్మిర్నా ముసలమ్మ బరువే లేదు" అన్నారు.
ఆమెకి స్మిర్నాలో గుర్తున్నది
ఒక మెట్టు, ఒక మేక.

మేడమ్ పటకారుతో ఇంకా సన్నదాన్ని ఎత్తింది.
ధమని ముందునుంచి వంగి
రెండు నరాలనీ కలిపే లంకె.
తొందరపడే కత్తికి దొరకదు అది.
"ఇది దాటాక
ఏ పోగు ఎవరిదో నేనూ చెప్పలేను."

నాలుగో బల్ల మీదాయన పేరు నాకు తెలియదు,
తెలియకూడదు.
ముంజేతుల మీద అడ్డగీతలు మాత్రం
పొయ్యి తలుపు కాల్చినవి.
రొట్టెలవాడై ఉంటాడు.
తెల్లారుజామున మూడింటికి
ఈ రెండు పోగులే ఆయన్ని పిండి మీదకి వంచి ఉంటాయి:
ఒత్తు, మడత, తిప్పు, మళ్ళీ ఒత్తు.
ఎవరినైనా దగ్గరికి లాక్కున్నా
వీటితోనే లాక్కుని ఉంటాడు.
అందులో బయటిది ఎంత, లోపలిది ఎంత
ఆ వచ్చినవాళ్ళు లెక్క అడిగి ఉండరు.

సాయంత్రం కండని యథాప్రకారం మూసి
తడిగుడ్డ కప్పాను.
తలుపు దగ్గర స్ట్రాటిస్ నిలబడి
తన చంక కింద వేళ్ళు పెట్టి వెతుక్కుంటున్నాడు.
"పైనుంచి తెలియదు బాబూ."
సిగ్గుపడి చెయ్యి తీశాడు. ఏదో ఒకటి అడగాలి గనక
"లాజరోస్ గారూ, మీదే ఊరు?" అన్నాడు.

నోరు తెరిచాను.
కాస్త ఆగి,
మా ఇంటికెళ్ళే బస్సు నంబరు చెప్పాను.