కాటా దగ్గర వులాన్

గుంటూరు యార్డుకి కొత్తగా వచ్చినవాళ్ళు
ముందు తుమ్ముతారు, తర్వాతే నమస్కారం పెడతారు.
సురబయ నుంచి వచ్చిన బేరగాడి వెనక
ఆ పిల్ల పదకొండుసార్లు తుమ్మింది.
లెక్కపెట్టింది నేనే.
గుమాస్తాని, లెక్క నా పని.

తలకి గుడ్డ, జీన్సు ప్యాంటు, మైనం అద్దకం చొక్కా.
అమ్మమ్మ కట్టుగుడ్డ కోసి కుట్టించుకుందట.
పేరు వులాన్. అంటే చందమామ.
నా పేరు నాగుల్ మీరా అంటే ఆగిపోయింది.
నాగ అంటే మీకూ పామేనా?
మాకు కిరీటం పెట్టుకున్న పెద్ద పాము, అంది.
ఆధార్ కార్డులో ఇన్నేళ్ళూ పామును మోశాను,
ఒక్కసారీ పలకరించలేదు.

టిక్కీ కోసి తేజా రాశి పోశారు.
దోసిట్లోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ తుమ్మి
చెప్పింది:
ఇది మా ఊళ్ళో రోట్లో నలుగుతుంది,
అర్ధరాత్రి కప్పు నూడుల్స్ మీద పడుతుంది.
ఫోను ఎదురుగా పెట్టుకుని పిల్లలు
కళ్ళనీళ్ళు కారుస్తూ తింటారు.
ముందు నీళ్ళు తాగినవాడు ఓడినట్టు.
లక్షమంది చూస్తారు.

తొడిమలు తీస్తున్న సౌరమ్మ తలెత్తకుండానే అంది:
మేం రోజంతా ఏడుస్తాం, ఒక్కడూ చూడడే!

మధ్యాహ్నం కరెంటు పోయింది. కాటా ఆగింది.
వులాన్ ఫోను తీసి తాతని చూపించింది.
తాత తోలుబొమ్మలాడిస్తాడు.
ఐదుపూటలా నమాజు చదివే మనిషి
తెర వెనక కూర్చుంటే తెల్లారేదాకా రాముడి పక్షం.
నాకది వింత కాలేదు.
మా నాన్న పీరు ఎత్తితే
ముందు నడిచింది హమాలీ ఏసోబు వాళ్ళ నాన్న డప్పే.

ఇప్పుడు ఆట రెండు గంటలే.
తెర చుట్టూ రంగు లైట్లు.
హనుమంతుడు మోటారు సైకిలెక్కి వస్తాడు.
మధ్యలో బొమ్మల్ని అరటిబోదెకి గుచ్చేసి
మెరుపుల గౌను పిల్ల మైకు పట్టుకుంటుంది.
తాతకి కోపం రాలేదా?
మొదటి ఏడు అలిగాడు.
రెండో ఏడు, నా కంచు గంటలు నీ శ్రుతికి రావమ్మా,
నువ్వే రావాలి అన్నాడు.
వచ్చింది.

ఆ పిల్ల పాటే పెట్టింది వులాన్.
బస్తాల మీద పడుకున్న ఏసోబు లేచి కూచున్నాడు.
ఈ పాటకి పేరేంటి?
దంగ్‌దుత్. డోలు చేసే చప్పుడే పేరు.
గొప్పోళ్ళు వెక్కిరింతకి పెట్టారు,
తర్వాత వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ అదే.

ఏసోబు ఏమీ అనలేదు.
పోయిన నెల పొన్నూరు దగ్గర ఓ పెళ్ళిలో
డీజే బాక్సుల మధ్య నిలబెట్టి
డప్పు కొట్టినట్టు ఊరికే చెయ్యాడించమన్నారు.
ఐదొందలు ఎక్కువిచ్చారు.
నాకు తెలుసు. ఆ పిల్లకి చెప్పలేదు.

ఖాళీ నూనె డబ్బా బోర్లించి
రెండు వేళ్ళతో మొదలెట్టాడు.
ఫోన్లో డోలు ఒక అడుగు ముందు, ఇతను వెనక.
వేళ్ళు వెతికాయి, తడబడ్డాయి,
తర్వాత ఎవరు ముందో తెలియలేదు.
సౌరమ్మ చేతిలో కాయ తొడిమతోనే ఆగిపోయింది.

ఇది మీదే, అంది వులాన్.
మా తాతల కాలంలో మీ సినిమాలు ఓడల్లో వచ్చాయి.
ఆ తబలా ఎత్తుకున్నాం.
ఎత్తుకుంటే ఎత్తుకున్నారు గానీ
తాలు ఏరారా? అన్నాడు ఏసోబు.
ఆ మాటని ఇంగ్లీషులో పెట్టడానికి
తెల్లబడ్డ కాయ ఒకటి చూపించాల్సొచ్చింది.
ఏరలేదు, అంది నవ్వుతూ.
అన్నీ కలిపే నూరాం.

కరెంటొచ్చింది.
అమ్మమ్మ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది.
అది ఘాటే, ఇంకేం కాదు.
తూకం మళ్ళీ మొదలైంది.

ఆ రోజు లెక్కలో ఒక టిక్కీ తేడా వచ్చింది.
ఎక్కువో తక్కువో
రాత్రిదాకా తేలలేదు.
బల్ల మీద వేళ్ళు మాత్రం
ఊరుకోలేదు.