చెక్కుబందీ

కాశీబుగ్గ రిజిస్ట్రాఫీసు గోడవార
నా బల్ల, నా టార్పాలిన్, నా రెండు పెన్నులు.
ఇరవై ఆరేళ్ళుగా, చచ్చాక జరగాల్సినవి
బతికున్నవాళ్ళ నోట విని రాస్తున్నాను.

సోమవారం మడ్డు తవిటమ్మ వచ్చింది.
వెనకే కొడుకు ఢిల్లేసు, నలభయ్యేళ్ళవాడు,
అమ్మ కొంగు కొస చూపుడువేలికి చుట్టుకుని.

"నాను పోనాక ఈడికేటో రాసీ బాబూ."

ఉన్నవి చెప్పింది:
రెండు సెంట్లలో రేకుల ఇల్లు,
పోస్టాఫీసులో నలభై మూడు వేలు,
తిత్లీ కూల్చగా మిగిలిన ఏడు జీడిచెట్లు,
తాకట్టులో ముక్కుపుడక.
"అదీ రాసీ. ఇడిపిస్తాన్లే."

వాడి పేరున నేరుగా రాస్తే
బిస్కట్టు పొట్లం ఇచ్చినవాడికల్లా వేలిముద్ర వేసేస్తాడు.
మరిది కొడుకుల పేరున రాస్తే...
ఆ వాక్యం నేను పూర్తి చెయ్యలేదు, ఆవిడా అడగలేదు.
ట్రస్టు రాద్దామమ్మా అన్నాను.
"అదేటి, సీటీపాటలాటిదా? వొద్దు. ఓపాలి ములిగిపోనాను."
కాదమ్మా, ఒకరి చేతిలో పెట్టి
ఇంకొకరి నోటికి అందించమనడం.
"అలగయితే నాను నలబయ్యేళ్ళుగా సేస్తన్నదే కదేటి."

ఆ చెయ్యి ఎవరిదంటే,
బట్టీలో పక్కపీట రేవతమ్మ కూతురు హైమ, పలాస డిపోలో కండక్టరు.
"ఈడికి బస్సులంటే పేనం.
ఆ పిల్ల ఇజిలేస్తే అన్నం తింటాడు."

రాశాను: నా స్వార్జితమైన, పూర్తి స్మారకంతో,
ఎవరి ప్రోద్బలమూ లేక...
బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చన్నాను.
"నానెక్కడ మార్తాను. ఈడెక్కడ మార్తాడు."

చెక్కుబందీ దగ్గరికొచ్చాను.
ఇంటికి తూర్పు: దువ్వు గన్నెయ్య పశువుల సాల.
దక్షిణం: మునిసిపాలిటీ కాలువ.
"ఈడికి రాయవేటి?" అంది.
ఏమిటమ్మా?
"అద్దులు."

చెప్పుకుపోయింది, నేను ఆపలేకపోయాను.
ఉరిమితే మంచం కిందకి దూరతాడు, లాగకూడదు,
పక్కన తనూ దూరాలి.
చేపలో ముల్లు తీశాక, తీసిన ముల్లు వాడికి చూపించాలి.
నాలుగు దాటి లెక్క రాదు,
ఐదో ఇడ్లీ పెట్టి కంగారెట్టకూడదు.
అమ్మేదని అడిగితే
ఆగింది.
"డూటీకెళ్ళిందనాలి. రాత్రి డూటీ."

షెడ్యూలు 'బి' అని పైన రాసి
అంతా ఎక్కించాను.

లోపల మిషను ఆవిడ వేలిని ఒప్పుకోలేదు.
బొటనవేలు, చూపుడువేలు, మళ్ళీ బొటనవేలు.
ముప్పయ్యేళ్ళు పిక్కలొలిచిన చేతులు,
జీడిరసం గీతలన్నీ తినేసింది.
చాకలి జీడితో గుర్తు పెడితే
బట్ట చిరిగినా పోదంటారు.
ఇక్కడ జీడే మనిషి గుర్తు చెరిపేసింది.
"పప్పు తిన్నోలకేనేటి ముద్రలు?" అని మిషన్నే అడిగింది.
చివరికి సిరాదిండు మీద అద్ది నొక్కించాం:
గీతల్లేని నల్లటి గుండ్రం,
ఇద్దరు సాక్షులు, ఇది ఫలానా వారి నిశాని అని నా రాత.

బయట ఫీజు లెక్కపెడుతూ,
మీద బద్దపప్పు పొట్లం పెడుతూ, ఆవిడ.
వద్దంటూ నేను.
ఇంతలో ఢిల్లేసు నా సిరాలో వేలు ముంచి
అద్దుడు కాయితం మీద నొక్కాడు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఆగిపోయాడు.

ప్రతి గీతా నిండుగా, సుడి తిరిగి, ఎక్కడా తెగకుండా.
వాడిచేత ఒక్క పిక్కా ముట్టించలేదావిడ.

ఆ కాయితం నా సొరుగులోనే ఉంది.
ఏ పుస్తకంలో ఎక్కించాలో తెలీదు.