పల్లపు మడి

మెంటాడ దాటి కొండవారకి వెళ్తే
జీడితోటల కింద ఎర్ర గరువు, తవుడమ్మ చేసేది.
దాని కింద గెడ్డ వార మడి, నాది.
మధ్యలో గట్టు ఉండేది. ఇప్పుడు
ఉండేదని చెప్పుకోవడమే ఉంది.

మొదటి గట్టివాన పడ్డ రాత్రి
నేను నిద్రపోను. చెవి అటే వేస్తాను.
కొండమీంచి నీళ్లు ఆమె దుక్కిలోకి దిగి
చోడి విత్తనం, మొన్న తోలిన పెంట,
వేలెడు మన్ను ఎత్తుకుని
ఎర్రగా, చిక్కగా, అంబలి పొంగినట్టు
నా మడిలోకి వస్తున్న చప్పుడు.
పదకొండేళ్లు విన్నాను దాన్ని.
పదకొండేళ్లూ నా వరి నల్లగా ఎదిగింది.
"నీ చేతి చలవరా" అంటారు ఊళ్లో.
నవ్వి ఊరుకున్నాను.

పైన ఆమె పొలంలో మాత్రం
ఏటేటా కొత్త రాళ్లు పుడతాయి.
కర్రు తగిలి ఖంగుమన్నప్పుడల్లా
ఎద్దులు ఆగి వెనక్కి చూస్తాయి.
నేను తల వంచుకుని నారు పీకుతాను.

గట్టు వేసుకోవచ్చు కదా అంటే ఒకసారి,
"ఏడాది కౌలు బావూ.
ఈయేడు నాను గట్టేస్తే
వచ్చేయేడు ఆ గట్టు చూపించే కౌలు పెంచుతాడు" అంది.

మొన్న వాన తెరిపిచ్చాక
రెండు తట్టలు, పార, కూతుర్ని వెంటబెట్టుకుని దిగింది.
కొంగున ఏదో మూట.
మడి మూల నురగ ఆరిన చోట
మెత్తగా మేటవేసిన ఒండ్రు చూపించి
"ఇది నాది" అంది.
కాదనడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.
"పట్టుకుపో. అడగాలేటి?" అన్నాను.

మూట విప్పింది. సోలెడు తవుడు.
"ఉత్తినే వొద్దు.
నా ముందర ముగ్గురు పోనారు బావూ. నాను పుడితే
మాయమ్మ నన్ను చేటలో ఎట్టి పక్కింటికిచ్చీసి
తవుడెట్టి కొనుక్కుంది. నిలిచాను.
ఇదీ నిలవాల."

పొద్దుగూకే దాకా మోశారు. నేనూ మోశాను.
ఎన్ని తట్టలో లెక్కపెట్టలేదు,
లెక్కపెడితే పదకొండేళ్లవీ పెట్టాలి.
ఏరిన రాళ్లే వాలుకి అడ్డంగా పేర్చి
సందుల్లో వట్టివేరు దుబ్బులు నాటింది ఆ పిల్ల,
భూమి ఎవరిదని అడక్కుండా.

తవుడు మా గేదె కుడితిలో కలిపాను.
రాత్రి మళ్లీ ఉరిమింది.
చెవి అటే వేశాను.
నీళ్లు వస్తున్నాయి,
కొంచెం ఆగి, ఎవరినో అడిగి వస్తున్నట్టు.

తెల్లారి వెళ్లి కాలవలో దిగితే
నా కాలివేళ్లు నాకు కనబడ్డాయి.