ఏకు

జూన్ ఇరవై ఒకటికి
యోగా చరిత్ర మీద పది నిమిషాలు మాట్లాడమని
మా హెడ్మాస్టరు కాగితం ఇచ్చినాడు.
ఎనిమిది మెట్లు, మూడు నాడులు, ఆరు చక్రాలు.
లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
సగం చదివేసరికి దగ్గు వచ్చింది.

ఈ దగ్గు ఆదోనిది.
పదహారో ఏట జిన్నింగు మిల్లులో
గింజనూ పింజనూ విడదీసే మిషను ముందర
మూడు సీజన్లు నిలబడి తెచ్చుకున్నది.
తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా
ఏకై వచ్చి ఊపిరిలో మేకై కూర్చుంది.

ఆ దగ్గు విని పిలిచినాడు
మార్కెట్ యార్డు వెనక సందులో పరుపులు కుట్టే
దూదేకుల లాలప్ప.
"పాపా, నీ లోపల ఎవురో తప్పు ఏకుతాండారు
కూచో."

దూలానికి విల్లు వేలాడుతుండేది.
నరం తీగ మీద కొడుపు పడితే
డుంయ్...
ఒకటే మాట.
ఎవరి చెమటో, ఎవరి జ్వరమో, ఎవరి బాలింతతనమో
తాగి గడ్డ కట్టిన పాత పరుపు దూది
ఆ మాటకు తన బరువు మరిచిపోయి
లేచేది.
"ముడి వేరే, దూది వేరే అనుకుంటాం గదా,
ఇప్పినాక సూడు, ముడి యాడికి పోయింది?"

మీకెవరు నేర్పించినారంటే
తుంగభద్ర ఒడ్డున గొర్లు కాసే కురవ ఈరన్న అనేవాడు.
ఈరన్నకు చాకలి తిప్పక్క,
తిప్పక్కకు కన్నడం తప్ప ఇంకోటి రాని ఒక జంగమయ్య,
ఆయనకు, చెవులు చీల్చుకొని కుండలాలు ఏసుకున్న జోగి.
ఆ జోగి ఒక వాన రాత్రి
కోట కొండ గుహలో ఫకీరుతో చలి పంచుకున్నాడంట.
ఎవరు ఎవరికి ఏమి చెప్పినారో వానకే తెలుసు.
"ఆ పైన పేర్లు లేవు పాపా. ఆ పైన ఊపిరే."

దినానికి ఇరవై ఒక్క వెయ్యి ఆరు నూర్ల శ్వాసలని
ఎక్కడో విని వచ్చి అడిగితే నవ్వినాడు.
"నాకు పరుపుల లెక్కే సరిగ రాదు.
లెక్క పెట్టేటోడు ఒకడున్నాడే లోపల,
వాడే ఎరుక. వాడిని ఇడువు.
మిగిలేది బయలు."
శుక్రవారం మసీదుకు పోయేవాడు,
పున్నమికి అచల గురువు తత్వాలకు పోయేవాడు.
రెండు చోట్లా కడాకు, వాకిలి పక్కనే కూర్చునేవాడు.

అంత ఊపిరి తెలిసినోడికి
ఊపిరి చాల్లేదు.
కర్నూలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఎత్తి పట్టుకొని
"రెండు పక్కలా మబ్బు" అన్నాడు డాక్టరు.
"బయలన్నాక మబ్బు రాదా సామీ" అన్నాడు లాలప్ప,
మాటకూ మాటకూ మధ్య గోడ పట్టుకొని.
నేను నవ్వలేకపోయినాను.
ఈ సంగతి ఏ మెట్టు మీద రాసుంటుందో
కాగితమంతా వెతికినా దొరకదు.

పోయిన పొద్దు వాకిట్లో రెండు గుంపులు.
యోగి గదా, కూర్చోబెట్టి సమాధి చెయ్యాలని శిష్యులు.
మా మనిషి గదా, పండబెట్టి పడమటికి ముఖం తిప్పాలని జమాతు పెద్దలు.
ఎండ నడినెత్తికి వచ్చింది.
మాటలు గట్టి పడినాయి, పాత పరుపు మాదిరి.
అప్పుడు లోపల నుంచి హుసేనమ్మ,
కొంగుకు అంటిన దూది దులుపుకుంటా:
"అరవై ఏండ్లు కూచొనే ఏకినాడు.
ఇంగనైనా పండుకోనీండి."

ఎవరూ బదులు చెప్పలేదు.
ఈరన్న కొడుకే గడ్డపార అందుకున్నాడు.
తల కింద ఎవరో గుప్పెడు ఏకిన దూది పెట్టినారు.
ఎవరని ఎవరూ అడగలేదు.

నిన్న గ్రౌండులో రెండు నూర్ల మంది పిల్లోళ్లు,
చాపలు చాలక సగం మంది మట్టిలోనే.
మైకు ముందర కాగితం విప్పినాను.
ఊపిరి తీసుకున్నాను,
దగ్గు అడ్డం పడింది.
మైకు ఒక్కసారి
డుంయ్... అన్నది.

పిల్లోళ్లు నవ్వినారు.
ముందు వరసలో ఒక బోయ పిల్లోడు మాత్రం
కండ్లు మూసుకొని
ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు.

కాగితం నా దగ్గరే ఉండిపోయింది.
సోమవారం తిరిగి ఇయ్యాల.