మోగని మెట్టు

పియానోలకు శ్రుతి సరిచేసే పని నాది.
ఓపావాలో, చుట్టుపక్కల బళ్ళలో, చర్చి హాళ్ళలో
ముప్పయ్యేళ్ళుగా తీగల మెడలు బిగిస్తున్నాను.
సంచిలో ఒక మీట, రెండు తోలుముక్కలు,
పనయ్యాక నమలడానికి నల్లరొట్టె.

జ్దిస్లావా వాళ్ళింటికి మొదట వెళ్ళినప్పుడు
ఆ పిల్లకు ఆరేళ్ళు. పెడళ్ళకు కాళ్ళందవు.
తల్లి ట్రాలీబస్సు నడుపుతుంది.
యూనిఫాం విప్పకుండానే తలుపు తీసి
"ఎంతవుతుందో ముందే చెప్పండి" అంది.
చెప్పాను.
"సగానికి చేసి పెట్టండి" అంది.
సగం శ్రుతి అంటూ ఉండదమ్మా, అన్నాను గానీ
చేశాను.

నడిమధ్యన ఒక నల్లమెట్టు మోగేది కాదు.
నొక్కితే చెక్క మీద చెక్క పడ్డ చప్పుడు, అంతే.
"అది ఆ సగంలోకి రాదు" అన్నాను నేనే.
ఎంత తేలిగ్గా అన్నానో.

పిల్ల ఏం చేసిందంటే
ఆ మెట్టు వచ్చిన ప్రతిసారీ
మూసిన పెదాలతో
ఆ ఒక్క స్వరం తనే పలికేది.
ఊఁ.
తక్కినవన్నీ పియానోవి, అదొక్కటి తనది.
పిట్టగోడ మీద ఊడిన ఇటుక చోట
తన అరచెయ్యి పెట్టి నిలబడ్డట్టు.

పదిహేనేళ్ళకు ప్రాగ్ వెళ్ళింది.
పైకెళ్తోంది, పైకెళ్తోంది, అన్నారు ఊళ్ళో.
నాకు తెలిసిన మెట్లు ఎక్కడానికి కావు,
నొక్కడానికి.
అక్కడి పియానోలో అన్నీ మోగుతాయి.
అయినా ఆ చోటికి రాగానే, ఊఁ.
"పాడటానికా వచ్చావు నువ్వు?" అన్నాడట గురువు.
లైప్‌జిగ్‌లో రెండో వడపోతలో ఆపేశారు.
బ్రతిస్లావాలో మూడో బహుమతి,
ఒక గడియారం, అదీ ఆగిపోయింది.
పొద్దున్న బాలే బడిలో
ఒకే ముక్క నలభైసార్లు,
చలికాలం యెసెనీక్ చికిత్సాలయంలో
గౌన్లు తొడుక్కున్న రోగుల దగ్గుల మధ్య కచేరీ.
ఒక ఏడాది మణికట్టు వాచి
ఎడమచేతి పాటలే నేర్చుకుంది.
ఇవన్నీ తల్లి చెప్పినవి, బస్సులో,
అద్దంలోంచి నన్ను చూస్తూ,
స్టాపు స్టాపుకీ కొంచెం కొంచెం.

తర్వాత ఒక రికార్డు వచ్చింది.
శబ్దయంత్రం కుర్రాడు ఆ 'ఊఁ'ని చెరిపేద్దామంటే
వద్దందట. ఎందుకో చెప్పలేదట.
పత్రికలో ఒకాయన దాన్ని హొయలన్నాడు.
ఇంకొకాయన ఆత్మ అన్నాడు.
నేను పత్రిక మడిచి
జారిపోతున్న బల్లకాలు కింద పెట్టాను.

మొన్న సెప్టెంబరులో, ఆమెకు ఇరవయ్యారు,
మా ఊళ్ళోనే కచేరీ.
హాల్లో పెద్ద పియానో సరిచేసి బయటికొస్తుంటే
తల్లి ఆపింది.
"ఇంట్లోది అమ్మేస్తున్నాం. ఒకసారి చూస్తారా?"

ముందుపలక ఊడదీశాను.
మెట్టు కింద, దుమ్ములో,
ఒక ఆల్బుఖరా గింజ.
ఎండి, నల్లబడి, సన్నగా.
ఎవరు తిన్నారో, ఏ యేట జారవిడిచారో.
ఆ పియానో వాళ్ళ చేతికి రాకముందు
నలుగురి ఇళ్ళు తిరిగిందన్నారు.
రెండు నిమిషాల పని.
సగం డబ్బుల్లో కూడా పట్టేది.

గింజ తీసి, మెట్టు నొక్కాను.
మోగింది.

వంటింట్లోంచి తల్లి
తడిచేతులతో పరుగున వచ్చి
గుమ్మంలో నిలబడి గదంతా వెతికింది.
"జ్దిస్లా వచ్చిందా?"

లేదమ్మా, అన్నాను.
ఆమె చేతులు తుడుచుకుని
కాసేపు పియానో వంక చూసి
"ఇంకోసారి" అంది.

సాయంత్రం చివరి వరుసలో కూర్చున్నాను.
నేను సరిచేసిన తీగలే, ఒక్కటీ తప్పలేదు.
ఆ చోటు వస్తోందని నాకు ముందే తెలుసు.
జేబులో గింజ.
గుప్పిట బిగించాను,
ఎక్కడ నా పెదాలు కదులుతాయో అని.